ఎడమకు తిరిగిన పడవ

మొన్న ఫోన్లో మా పెద్దమనవరాలు ఏడ్చినంత పని చేసింది. పుణేలో దాని కాలేజీవాళ్ళు షాంపూ సీసా ఒకటి కంప్యూటర్లో తయారుచేయమన్నారట. అడుగున కోడిగుడ్డు ఆకారం, మెడ దగ్గర గుండ్రం. రెండింటినీ కలపమంటే కంప్యూటర్ సీసాను పిండిన తడిబట్టలా మెలితిప్పి చూపిస్తోందట. "కింది గీతలో ఎన్ని ముక్కలున్నాయో, పై గీతలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు తల్లీ" అన్నాను. లెక్కపెడితే రెండూ కలవలేదట. తర్వాత మెల్లగా, "అమ్మమ్మా, ఇది నీకెలా తెలుసు?" అంది.

ఎలా తెలుసో నా మనవలు మీ ముగ్గురికీ కలిపి రాస్తున్నాను. చిన్నవాడికి గీతలంటే విసుగు. కానీ ఇందులో పడవ ఉంది కాబట్టి వాడూ చదువుతాడు.

నేను ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివినదాన్ని. ఆ తరగతిలో ఇద్దరమే ఆడపిల్లలం. మాకు నేర్పిన సార్ మొదటిరోజే బల్ల మీద ఒక ఇనుప బోల్టు పెట్టి, "ఉన్నది ఉన్నట్టు గీయండి. మీ తెలివి కలపకండి" అన్నారు. ఆ మాట నా ఒంట్లో ఇంకిపోయింది. ముప్ఫై ఏళ్ళు ఏది గీసినా దాంట్లో నా తెలివి కలపలేదు. అదే నాకు మంచిపేరు తెచ్చింది. చివరికి నన్ను ముంచబోయింది కూడా అదే.

డ్రాయింగు బోర్డులు పోయి కంప్యూటర్లు వచ్చేసరికి నాకు నలభై ఏడేళ్ళు. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన ఒక ఫైబర్ షెడ్డులో పనిచేసేదాన్ని. నీళ్ళ ట్యాంకులు, బాత్రూం తలుపులు, బడుల్లో పిల్లలు జారే జారుడుబల్లలు చేసేవాళ్ళం. వంకర ఆకారం ఏదైనా ముందు నా కంప్యూటర్లో పుట్టాలి. తర్వాత దాన్ని చూసి యంత్రం థర్మోకోల్ దిమ్మను చెక్కుతుంది. ఆ దిమ్మ మీద మిస్త్రీ అచ్చు తీస్తాడు. అచ్చులో ఫైబర్ గుడ్డ పరిచి, రసాయనం పూసి, ఆరాక పైకి లేపితే వస్తువు తయారు.

మిస్త్రీ అంటే మా షెడ్డులో ఒక్కడే. దగ్గరి ఊరి మనిషి. వాళ్ళ నాన్న తాపీపని చేసేవాడట. ఇతను ఎప్పుడు ఫైబర్‌లోకి వచ్చాడో అతనికే గుర్తులేదు. నాకంటే పదేళ్ళు చిన్న. నన్ను అక్కలా చూసి ఆపా అనేవాడు, నేను భాయ్ అనేదాన్ని. చేత్తో తడిమి, "ఆపా, ఈడ కాయితమంత మందం తక్కువున్నది" అనేవాడు. కొలిచి చూస్తే నిజంగానే కాగితమంత తక్కువ ఉండేది. యజమాని చెడ్డవాడు కాదు. కానీ ఆయనకు ఏ నష్టానికైనా ఒక మనిషి పేరు కావాలి. పేరు దొరికితే ఆ రోజు నిద్రపట్టేది.

అప్పుడు చాలా ఏళ్ళ తర్వాత మా పెద్దచెరువు నిండింది. కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డు ఎక్కడో మసగ్గా కనిపించేది. చేపలు పట్టేవాళ్ళ సంఘానికి పడవలు కావలసి వచ్చాయి. అన్నేళ్ళు నీళ్ళు లేక పాత పడవలు ఎండి, పగిలి, పొయ్యిలోకి పోయాయి. ఒక్క పడవ మిగిలింది. అది సంఘంలో అందరికంటే పెద్దాయనది. ఆయన దాన్ని రేకుల కొట్టం కింద బోర్లించి, ఏటా తారు పూసి కాపాడుకున్నాడు. సంఘంవాళ్ళు మా యజమానిని ఆ పడవ దగ్గరికి తీసుకెళ్ళి ఆరు పడవలు అడిగారు. పెద్దాయన దాని వీపు మీద చెయ్యేసి ఒక్కటే మాట చెప్పాడు.

"గిదే మాదిరి గావాలె. జర గూడ మార్చొద్దు బిడ్డా."

ఆ మాట నాకు మా సార్ గొంతులా వినిపించింది.

మర్నాడు నేను, మిస్త్రీ మందపాటి అల్యూమినియం తీగ చుట్ట తీసుకుని వెళ్ళాం. బోర్లించిన పడవ మీద ముక్కు నుంచి తోక దాకా తొమ్మిది చోట్ల సుద్దతో అడ్డగీతలు పెట్టాం. ఒక్కో గీత మీద తీగను ఆనించి, పడవ ఒంపు ఎలా ఉంటే అలా వంచి, ఆ తీగను పేపరు మీద పెట్టి పెన్సిలు తిప్పాను. అలా తొమ్మిది అడ్డుకోతలు వచ్చాయి. గూడుబండికి వెదురు బద్దలు వంచి వరసగా నిలబెట్టి పైన చాప కప్పుతారు చూడండి, నా పనీ అంతే. తొమ్మిది కోతలే తొమ్మిది బద్దలు. వాటి మీద కంప్యూటర్ చాప కప్పుతుంది. దాన్నే లాఫ్ట్ అంటారు.

కప్పమంటే వెంటనే కప్పుతుందా? మూడు రోజులు నాతో పోట్లాడింది. మొదటిరోజు మూడో కోత మూసుకోలేదంది. కంటికి మూసుకున్నట్టే ఉంది. బాగా పెద్దది చేసి చూస్తే రెండు గీతల కొసల మధ్య వెంట్రుకంత సందు. అది కలిపాను. రెండోరోజు పడవ మధ్యలో మెలితిరిగింది. ఒక కోతలో ఎడమ మూలను, తర్వాతి కోతలో కుడి మూలను పట్టుకుని కలిపిందన్నమాట. ఏ మూల నుంచి మొదలుపెట్టాలో తొమ్మిదింటికీ ఒక్కలాగే చూపించాను. మూడోరోజు, ముక్కు నుంచి తోకదాకా నేను గీసిన దారిగీత ఏడో కోతను తాకకుండా పక్కనుంచి పోతోందని తెలిసింది. దాన్ని తాకించాను. అప్పుడు తెర మీద ఎర్రగుర్తులన్నీ పోయి, నున్నటి పడవ ఒకటి మెరుస్తూ నిలబడింది. నేను కుర్చీలోంచి లేచి మిస్త్రీని పిలిచి చూపించాను. "ఆపా, నీళ్ళొక్కటే తక్కువ" అన్నాడు.

కంప్యూటర్ తప్పు చూపించడం మానేసింది కాబట్టి తప్పు లేదనుకున్నాను. మీరు అలా అనుకోకండి పిల్లలూ. దానికి అర్థంకాని తప్పునే అది చూపిస్తుంది. అర్థమైన తప్పును చక్కగా నున్నగా చేసి చేతికిస్తుంది.

మొదటి పడవ నీళ్ళలో దింపినరోజు పెద్దాయనే ఎక్కాడు. కూర్చున్నచోట నుంచే తెడ్డు వేస్తూ, వలలు కట్టడానికి పాతిన వెదురుగడ దాకా తిన్నగా వెళ్ళి తిన్నగా వచ్చాడు. "నా పడవే. వయసు తగ్గింది దీనికి" అన్నాడు. మా యజమాని అందరికీ చాయ్ తెప్పించాడు. నేను ఆ రోజు ఇంటికి వెళ్ళి మీ తాతయ్యకు ఆ మాటే నాలుగుసార్లు చెప్పాను.

నాలుగోరోజు సంఘంవాళ్ళు ముగ్గురు షెడ్డుకు వచ్చారు. పడవ ఎడమకు తిరుగుతోందట. ఎవరు ఎక్కినా అంతే. వెదురుగడకు పోదామని బయల్దేరితే కట్ట మీది బతుకమ్మ మెట్ల దగ్గర తేలుతున్నామని ఒకతను, నా పడవకు నాకంటే భక్తి ఎక్కువుందని ఇంకొకతను నవ్వారు. కానీ ఆ నవ్వు వెనకాల కోపం ఉంది. వల నిండాక బరువుతో అలా తిరిగితే పడవ ఒరిగిపోతుంది. వాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో సంపాదించే మనిషి ఒక్కడే.

పెద్దాయన మాత్రం ఒప్పుకోలేదు. పోరగాళ్ళకు తెడ్డు పట్టడం రాదన్నాడు. మా యజమానికి ఆ మాట పంచదారలా ఉంది. రెండురోజులు అదే చెప్పుకుని తిరిగాడు. మూడోరోజు తానే పడవ ఎక్కి, తిన్నగా పోలేక ఎడమకు గుండ్రంగా తిరిగి, ప్యాంటు మోకాళ్ళదాకా తడుపుకుని వచ్చాడు. ఇక ఆయనకు ఒక పేరు కావాలి.

ఆ పేరు మిస్త్రీది. అచ్చు ఆరకముందే లేపి ఉంటాడు, అందుకే ఒక పక్కకు వంగింది అన్నాడు. షెడ్డులో అందరి ముందే అన్నాడు. సంఘం మిగతా ఐదు పడవలు వద్దంటే, ఆ తప్పు చేసిన మనిషి కూడా తనకు వద్దన్నాడు. వచ్చే ఆదివారం వరకు చూస్తాను, తర్వాత తుక్కుగూడ నుంచి వేరే మిస్త్రీని తెస్తానన్నాడు.

మిస్త్రీ చేతులకు అంటిన రసాయనం గుడ్డతో తుడుచుకుంటూ ఉన్నాడు. "పద్దెనిమిదేండ్లల్ల ఒక్క అచ్చన్న ఆరకముందు లేపిన్నా సేట్?" అన్నాడు. మిస్త్రీ నా వైపు చూడలేదు. చూసి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

నేను ఆ పూట నోరు తెరవలేదు. ఈ సంగతి మీకు దాచను. నా గీతల్లో తప్పు లేదు, కంప్యూటరే ఒప్పుకుంది, మరి మిగిలింది అచ్చే కదా అని నా మనసు కూడా ఒక మూల అనుకుంది. పద్దెనిమిదేళ్ళు పక్కన కూర్చుని అన్నం తిన్న మనిషి మీద నాకు ఆ అనుమానం రావడం నేను చేసిన మొదటి తప్పు. గీతలో తప్పు రెండోది.

మర్నాడు పొద్దున సెలవు పెట్టి చెరువుకు వెళ్ళాను. పెద్దాయనను నన్ను పడవలో తిప్పమని అడిగాను. నాకు ఈత రాదు. చీర కుచ్చిళ్ళు పట్టుకుని, ఆయనకు ఎదురుగా బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను. పడవ తిన్నగానే పోతోంది. పది నిమిషాలు పడవను చూస్తూ ఉండిపోయాను. తర్వాత భయంతో చూపు ఎక్కడ నిలపాలో తెలియక ఆయన చేతుల మీద నిలిపాను.

తెడ్డు ఎడమపక్క రెండుసార్లు పడుతోంది. కుడిపక్క ఒకసారి. మళ్ళీ ఎడమ రెండు, కుడి ఒకటి. కొన్నిసార్లు ఎడమ మూడు.

"ఎడమకు రెండుసార్లు ఎందుకేస్తున్నవ్ కాకా?" అని అడిగాను.

"ఏస్తున్ననా?" అని తన చేతులు తనే చూసుకున్నాడు. కాసేపు ఆపి, మళ్ళీ వేసి, మళ్ళీ చూసుకున్నాడు. "గట్లనే ఏస్త బిడ్డా. పడవంటె గట్లనే ఉంటది గద."

"ఎప్పటి సంది?"

ఆయన ఆలోచించాడు. ముందు గుర్తురాలేదు. తర్వాత నవ్వాడు. "మా తమ్ముడు రాయికి గుద్దిచ్చిండు ఒకపాలి. కింద పలక పగిలింది. చెక్కముక్క పెట్టి, మీద రేకేసి మొలలు కొట్టినం. గప్పటి సంది గావచ్చు."

"ఏ పక్కకు కాకా?"

"ఎడమపక్కకే."

ఆ రేకు నేను చూశాను. తారు కింద ఉబ్బుగా ఉంది. ఐదో కోత దగ్గర తీగను దాని మీద కూడా ఆనించి, ఆ మెట్టును కూడా జాగ్రత్తగా వంచి, ఉన్నది ఉన్నట్టు గీశాను. నా శ్రద్ధకు నేనే మెచ్చుకున్నాను కూడా.

ఒడ్డు దిగి నేరుగా షెడ్డుకు వెళ్ళాను. కంప్యూటర్లో ఒక్కో కోతను తెరిచి, అది ఎన్ని గీతముక్కలు అతికితే అయిందో లెక్కపెట్టాను. మొదటిది ఆరు. రెండోది ఆరు. మూడు, నాలుగు, ఆరే. ఐదోది ఎనిమిది. రేకు మొదలైనచోట ఒక ముక్క, అయిపోయినచోట ఒకటి. ఎనిమిది ముక్కలను ఆరుముక్కలతో ఎలా కలపాలో నేను చెప్పలేదు. కంప్యూటర్ తనకు తోచినట్టు సర్దుకుంది. పాత పడవలో రేకు దగ్గర జానెడుమేర ఉన్న ఉబ్బును పట్టుకుని, ముందుకు నాలుగో కోతదాకా, వెనక్కి ఆరో కోతదాకా సాగదీసి నున్నగా కలిపేసింది. ఎడమ పొట్ట కుడి పొట్ట కంటే లావైంది. కంటికి తెలియనంతే, కానీ నీళ్ళకు తెలిసింది.

మిస్త్రీ ఆ దిమ్మ మీద నేనిచ్చిన ఆకారాన్నే అచ్చు తీశాడు. కాగితమంత తేడా లేకుండా తీశాడు. తప్పును కూడా అంత బాగా తీశాడు.

ముందు అతని దగ్గరికి వెళ్ళాను. తప్పు నాదని చెప్పాను. అతను చాలాసేపు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తర్వాత, "సేట్‌కు చెప్తవా?" అన్నాడు. చెప్తానన్నాను. "చెప్పినంక నిన్ను గూడ పొమ్మంటడు" అన్నాడు. అంటే అంటాడన్నాను.

యజమాని అంతా విన్నాడు. నేను తెర మీద ఐదో కోతను పెద్దది చేసి మెట్టు చూపించాను. ఆయన ఆ మెట్టును కాక నన్ను చూస్తున్నాడు.

"గీ మాట మీరు చెప్పకపోతే నాకు తెల్వకపోవు గద మేడం."

"భాయ్ పోయినంక వచ్చే పడవ గూడ ఎడమకే తిరుగుతది సార్. అప్పుడు ఎవర్ని పంపిస్తరు?"

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. తిరిగి వచ్చి ఇంకొక్క పడవ చేయమన్నాడు. అది ఎడమకు ఏమాత్రం తిరిగినా ఇద్దరమూ కలిసి పోవాలన్నాడు. ఆయన అలా అన్నాక నాకు భయం తగ్గింది. అంతకుముందు మిస్త్రీ ఒక్కడే ఆ ఒడ్డున నిలబడి ఉన్నాడు. ఇప్పుడు నేనూ అతని పక్కకు వెళ్ళాను.

ఈసారి నేను ముప్ఫై ఏళ్ళ అలవాటు ఒకటి మానేశాను. పాత కోతలన్నీ పక్కన పెట్టాను. పడవ కుడిసగం మాత్రమే తీసుకున్నాను. ఆ సగానికి మూడే ముక్కలు. నడుమ నిలువుగీత పెట్టి, అద్దంలో చూసినట్టు అదే సగాన్ని ఎడమకు తిప్పాను. తొమ్మిది కోతలకూ తొమ్మిదిసార్లు. అన్నిటికీ ఆరే ముక్కలు, అన్నిటికీ ఒకటే మొదలు. లాఫ్ట్ మొదటిసారికే కప్పుకుంది. ఉన్నది కాకుండా ఉండాల్సింది గీయడం నాకు అదే మొదలు. దొంగతనం చేసినట్టనిపించింది.

మిస్త్రీ అచ్చును ఆరడానికి కావలసినదానికంటే ఒకరోజు ఎక్కువే వదిలాడు. ఆ రోజంతా దాని పక్కనే కూర్చున్నాడు. ఎవరైనా దగ్గరికి వస్తే చెయ్యి అడ్డం పెట్టేవాడు.

పడవ దింపినరోజు సంఘంవాళ్ళంతా వచ్చారు. ఇళ్ళనుంచి ఆడవాళ్ళు కూడా వచ్చారు. యజమాని కట్ట మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మర్యాద ప్రకారం మొదట ఎక్కాల్సింది పెద్దాయనే. ఎక్కాడు. తెడ్డు అందుకున్నాడు. నాలుగుసార్లు వేశాడు.

పడవ కుడికి తిరిగింది.

పెద్దాయన సర్దుకుని మళ్ళీ వేశాడు. మళ్ళీ కుడికి. యజమాని మెల్లగా మా ఇద్దరి వైపు తల తిప్పాడు. మిస్త్రీ మాత్రం నా చెవి దగ్గరికి వంగి, "ఆపా, సేట్ ఎడమకు తిరిగితె పొమ్మన్నడు గని కుడికి తిరిగితె ఏం జేస్తడో చెప్పలె" అన్నాడు. ఆ సమయంలో ఆ మనిషికి నవ్వు ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఆ నవ్వుతో నాకు బుర్ర పనిచేసింది. చెరువు మీద ఆయన చేతులు మళ్ళీ చూశాను. ఎడమ రెండు, కుడి ఒకటి. ఎడమ రెండు, కుడి ఒకటి.

పెద్దాయనను రమ్మని కేకేశాను. అంత గట్టిగా నేను ఎప్పుడూ కేకేయలేదు, నాకే కొత్తగా వినిపించింది. ఆయన పడవ దిగాక, ఆడవాళ్ళలో ఉన్న ఆయన కోడల్ని పిలిచాను. ఆమె పుట్టింటివాళ్ళదీ చెరువు పనే, చిన్నప్పుడు తెడ్డు వేసేదాన్నని కొలతలు తీసినరోజు ఆమే నాతో చెప్పింది. కానీ ఆమె ఈ ఇంటికి వచ్చేటప్పటికి చెరువు ఎండిపోయి ఉంది, మామ పడవను ఆమె ఎప్పుడూ ఎక్కలేదు.

"నేనా?" అని మామను చూసింది. పెద్దాయన తెడ్డు ఆమె చేతికిచ్చి, "పో బిడ్డా. నా చేతులల్ల ఏమో ఉంది" అన్నాడు.

ఆమె కొంగు నడుముకు చుట్టుకుని ఎక్కింది. ఎడమ ఒకటి, కుడి ఒకటి. ఎడమ ఒకటి, కుడి ఒకటి. పడవ ముక్కు వెదురుగడ మీద పెట్టి ఒక దారం లాగినట్టు పోయింది. గడను తాకి, తిప్పుకుని, మళ్ళీ అంతే తిన్నగా వచ్చింది. మొదట ఆడవాళ్ళు అరిచారు. తర్వాత మగవాళ్ళు అరిచారు. అప్పుడు షెడ్డుకు వచ్చి పడవ భక్తి గురించి నవ్వినతను నీళ్ళలోకి దూకి పడవను లాక్కుని వచ్చాడు.

పెద్దాయన ఒడ్డున గట్టు మీద కూర్చుని తన చేతులను ముందుకు చాపి చూసుకుంటున్నాడు. "ఇరవై ఏండ్లు పడవను దిద్దుకుంటొచ్చినయివి. ఇప్పుడు వీటినే దిద్దాలె" అన్నాడు. కోడలు వచ్చి పక్కన కూర్చుని, రేపటినుంచి తానే నేర్పిస్తానంది. ఆయన ముఖం మాడ్చుకున్నాడు, కానీ వద్దనలేదు.

యజమాని కట్ట దిగి వచ్చాడు. క్షమాపణ అనే మాట ఆయనకు రాదు. మిస్త్రీ ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"రేపు పొద్దుగాల్నే రా భాయ్. ఇంక ఐదు పడవలున్నయి."

మిస్త్రీ చెప్పులు విడిచి, ప్యాంటు మడుచుకుంటున్నాడు. "రేపు రాను సేట్. ఎల్లుండి వస్త. ఇయ్యాల, రేపు గిండ్ల తిరుగుత" అని నీళ్ళలోకి దిగి పడవ ఎక్కాడు. సంఘంవాళ్ళు రెండో తెడ్డు ఒకటి విసిరారు. దాన్ని పట్టుకుని నా వైపు చాపాడు.

"రా ఆపా. తప్పు నీది, అచ్చు నాది. ఇద్దరం సగం సగం ఏద్దాం."

ఈత రాదన్నాను. తనకూ రాదన్నాడు. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి ఎక్కేశాను. నేను ఎడమపక్క, అతను కుడిపక్క. అంతకుముందు మేమిద్దరం ఎప్పుడూ తెడ్డు ముట్టుకోలేదు. నా తెడ్డు సగంసార్లు గాల్లోనే తిరిగింది, అతనిది నాకు నీళ్ళు చల్లింది. ఒడ్డు మీద అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. పడవ మాత్రం మా ఇద్దరినీ మోసుకుని, వెదురుగడ వైపు తిన్నగా పోయింది.